నేనడిగిన వాయిదా

మొన్న మా తమ్ముడి కూతురు నందిగామ నుంచి ఫోన్ చేసింది. కొత్తగా నల్లకోటు వేసుకున్న హుషారులో ఏవేవో కబుర్లు చెబుతూ, "ఇవాళ మా సీనియర్ గారు రాలేదు పెదనాన్నా, వాయిదా తీసుకుని వచ్చేసా" అంది. అందులో తప్పేమీ లేదు, జూనియర్లుగా మేమంతా చేసిన పనే. అయినా ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అదే కోర్టులో, ఆస్తి తగాదాలు చూసే పెద్ద వకీలుగారి దగ్గర నేను చేరిన రెండో ఏడది. జగ్గయ్యపేట పక్క పల్లె నుంచి ఒకావిడ వస్తుండేది. భర్త వదిలేస్తే మేనమామ పంచన చేరి, పక్షవాతంతో మంచానపడ్డ ఆయనకు ఆరేళ్లు అన్నీ తానై చేసింది. ఆయన తానున్న ఇల్లూ, ఎకరంన్నర మెట్టచేనూ ఆవిడకు చెందాలని తెల్లకాగితం మీద వీలునామా రాసి కన్నుమూశాడు. ఆయన కొడుకులిద్దరూ అది దొంగ కాగితమని దావా వేశారు. వీలునామా నిలవాలంటే, సాక్షి సంతకం చేసినవారిలో ఒకరైనా బోనెక్కి, తన కళ్లెదుటే రాశాడని చెప్పాలి. ఆ సాక్షులిద్దరిలో ఒకరు అప్పటికే పోయారు. మిగిలింది వేదాద్రిలో ఉండే ముసలి మేష్టారు.

ఆయాసంతో రొప్పుతూనే రెండు బస్సులు మారి వచ్చాడాయన. మా సీనియర్ గారు బెజవాడ కోర్టులో చిక్కుకుపోయారు. తాను రాలేకపోతే నన్నే విచారించమని ముందురోజే చెప్పారు, అడగవలసిన ప్రశ్నలు నా జేబులోనే ఉన్నాయి. కానీ ఎదుటి వకీలు జూనియర్లను నిండు కోర్టులో నవ్వులపాలు చేసే మనిషి. జడ్జిగారు నావైపు చూడగానే నోటికి వాయిదా అన్న మాటే వచ్చింది. మూడు వారాలిచ్చారు.

వరండాలో ఆవిడ నా వెనకే వచ్చి, "నాలుగు ముక్కలేగా బాబూ, మీరే అడిగితే అయిపోయేది గదా" అంది. తానే అడుగుతానని సీనియర్ గారు చెప్పారంటూ అబద్ధమాడాను. మేష్టారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఊపిరుంటే మళ్లీ వస్తాలేమ్మా" అంటూ మెట్లు దిగాడు.

వాయిదాకు అయిదు రోజుల ముందు ఆయన పోయాడు.

ఇక ఆయన సంతకాన్ని గుర్తుపట్టేవాళ్లు కావాలి. వేదాద్రి వెళ్లి వాళ్లబ్బాయిని బతిమాలాను. "నాన్న సంతకమేనండి. కానీ ఆ అన్నదమ్ముల చేను కౌలుకు చేసుకు బతికేవోణ్ణి, ఎట్టా చెప్పమంటారు?" అన్నాడు. వేరే దారిలేక అతన్నే సాక్ష్యానికి పిలిపిస్తే, బోనులో నిలబడి, గుర్తుపట్టలేనన్నాడు. దావాలో ఓడిపోయాం, అప్పీలూ పోయింది. ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు అమీను వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆవిడ ఏడవలేదు. మంచం, నాలుగు గిన్నెలు వీధిలో పెట్టించి, లోపలికెళ్లి ఇల్లంతా శుభ్రంగా ఊడ్చి, తాళంచెవి అమీను చేతికిచ్చింది. నావైపు చూడనైనా లేదు. మైలవరంలో ఎవరింట్లోనో వంటకు కుదిరిందని తర్వాత విన్నాను గాని, వెళ్లి కలిసే ధైర్యం చెయ్యలేదు.

ఇప్పుడు వాయిదా తేదీలు ఫోనుకే వస్తున్నాయి, కదలలేని సాక్షులను ఇంట్లోనే ఉంచి తెరమీద విచారిస్తున్నారట. ఎంత మేలు! మా రోజుల్లో ఇవేవీ లేవని మా ఈడు వకీళ్లం కలిసినప్పుడల్లా వాపోతుంటాం, నేనూ తలూపుతుంటాను. కానీ ఆ రోజు ఏ లోటూ లేదు. నిజం తెలిసిన మనిషి అంతదూరం వచ్చి, చెప్పడానికి సిద్ధంగా నా ఎదుటే నిలబడ్డాడు. నేను అడగలేదు.