మా అక్క నుదుటి మీది పచ్చబొట్టు

మా అక్క తిప్పమ్మ పదకొండేళ్లుగా మా చర్చిలో ప్రభువు బల్లకు ద్రాక్షరసం పోసే కప్పులు కడుగుతోంది. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయిపోయాక, రేకుల షెడ్డు వెనక కుళాయి దగ్గర కూర్చుని, చిట్టి గాజు కప్పులు నలభై కడిగి తెల్లగుడ్డ మీద బోర్లిస్తుంది. వాటిలో ఒక్కటి కూడా ఆమె నోటి దాకా రాలేదు. బాప్తిస్మం తీసుకోలేదు గనక. పళ్లెం ఆడవాళ్ల వైపు పోతున్నప్పుడు ఆమె తల వంచుకుంటుంది. పళ్లెం పక్కామెకు పోతుంది. ఇవతల మగవాళ్ల వైపు కూర్చున్న నేను మాత్రం తీసుకుంటాను. శనివారం తాగినవాణ్ని ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని తీసుకుంటాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

కోపం తగ్గాక ఇది రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు.

మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక పల్లె. మా అమ్మ పుట్టిల్లు దేవనకొండ పక్క. అక్కకు తొమ్మిదేళ్లప్పుడు అక్కడికి పచ్చ పొడిచే ఆమె వచ్చిందట. అమ్మ అక్క తల ఒళ్లో గట్టిగా పట్టుకుని నుదుట వేలిగోరంత పచ్చబొట్టు పొడిపించింది. అక్క ఏడుస్తుంటే బెల్లం ముక్క నోట్లో పెట్టిందట. రెండేళ్లకు అమ్మ చచ్చిపోయింది. నాకప్పుడు ఆరేళ్లు. పదకొండేళ్ల పిల్ల నాకు అన్నం వండి పెట్టి, తను కూలికి పోయింది. నేను మూడో తరగతితో బడి మానేస్తే చీపురుకట్ట తీసుకుని ఊరంతా తరిమింది కూడా ఆమే.

పెళ్లయ్యాక ప్రతి ఏడూ బావతో సుగ్గికి పోయేది. ఇక్కడ వానలు లేక పనులు దొరకనప్పుడు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ఊళ్లకు ఊళ్లు పోతాయి కదా, దాన్నే మేం సుగ్గి అంటాం. అక్కడ చేల గట్టున టార్పాలిన్ గుడిసెలో ఉన్నప్పుడు బావకు కామెర్లు ముదిరాయి. ఎవరో తెలియని ఒకామె మూడు రోజులు వచ్చి గంజి పోసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. బావ లేచాడు. అక్క అప్పటి నుంచి యేసయ్యను వదల్లేదు. బావ మాత్రం, "ప్రార్థన ఎంతన్నా సేసుకో, నీళ్లల్లో మునగొద్దు" అన్నాడు. ఆమె ఆ మాట దాటలేదు.

మూడేళ్ల కిందట బావ చనిపోయాడు. పదో రోజున ఊరి ఆడవాళ్లు వచ్చి తాళి తెంపి, గాజులు పగలగొట్టి, మెట్టెలు లాగేసి, కుంకుమ తుడిచేశారు. పచ్చబొట్టును ఏం చేయాలో తెలియక వదిలేశారు. ఆ తర్వాత అక్క ఆదోనిలో జిన్నింగు మిల్లులో చేరింది. ఒళ్లంతా దూది పట్టుకుని ఇంటికొచ్చేది.

ఇక అడ్డం చెప్పేవాళ్లు లేరు గనక బాప్తిస్మం కావాలని పాస్టర్‌ను అడిగింది. మా పాస్టర్ ఉదయ్ పాల్ వయసులో మాకంటే చిన్నవాడు. చెడ్డవాడు కాదు. నా బిడ్డకు ఫిట్స్ వస్తే తన బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అందుకే నాకు ఇంకా మండుతుంది.

"అమ్మా, పై వారం మాధవరం కాడ తుంగభద్రలో బాప్తిస్మాలు ఉండాయి" అన్నాడు. "నీ పేరు రాద్దామంటే ఆ గుర్తు అడ్డం వస్తాంది."

"ఏం గుర్తయ్యా?"

"నుదుట. దేవుని బిడ్డ మొగం మీద అన్యుల గుర్తు ఉండకూడదు. వాక్యంలోనే ఉండాది."

"ఇది మా యమ్మ పొడిపించింది. నాకి తొమ్మిదేండ్లు. తెల్సి సేసింది కాదయ్యా."

"తెల్సినా తెలీకపోయినా కనపడేది అదే గదా. కర్నూల్లో లేజరుతో తీస్తారంట, పొయ్యి అడుగు."

నేను పక్కనే ఉన్నాను. చాపలు చుడుతూ ఉన్నాను. నోరు విప్పలేదు. ఆయన పాస్టర్, నేను మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీని, ఏం మాట్లాడతానులే అనుకున్నాను.

ఇంటికి నడుస్తుంటే అక్క అడిగింది. "లేజరంటే ఏందిరా సుంకా?"

"అదో లైటు అక్కా."

"లైటు పెడితే పోతాదా? ఇన్నేండ్లు మిల్లులో లైటు కిందనే సస్తాంటి గదా, పోల్యాదే!" అని నవ్వింది.

నవ్వింది కదా, మర్చిపోయిందనుకున్నాను.

మరుసటి రోజు యార్డులో ఉంటే ఫోన్ మోగింది. అక్క పక్కింట్లో ఉండే హుసేనమ్మ. ఇద్దరూ ఒకే మిల్లులో పని.

"సుంకన్నా, బిరీన రా. మీ యక్క మొగం కాల్సుకున్యాది."

నేను పోయేసరికి అక్క గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. గుడ్డ తీసి చూశాను. కనుబొమల మధ్య నుంచి పై దాకా తోలు ఊడి, ఎర్రగా నీరు కారుతోంది. ఆ ఎరుపు మధ్యలో అక్కడక్కడా పచ్చ అట్లాగే ఉంది.

"ఏం పూసినావు?"

"అరవొద్దు. సున్నమూ బట్టల సోడా. హుసేనమ్మ పులిపిరికి పెడితే రాలిపోల్యా?"

"ఎంతసేపు పెట్టినావక్కా?"

"ఆమె పావుగంట పెట్టింది. పులిపిరి నిన్న మొన్న వచ్చింది. ఇది ముప్పై తొమ్మిదేండ్ల గుర్తు గదా అని గంట పెట్టినా."

హుసేనమ్మ తలుపు దగ్గర ఏడుపు గొంతుతో గొడవ పెట్టుకుంది. "నేను పులిపిరికని సెప్తి గానీ మొగానికని సెప్తినా తల్లీ? గంట కూకోమంటినా? దేవుడు సూడకపోతే సూడకపోయె, నీ కండ్లు పొయ్యుంటే?"

ఎమ్మిగనూరులో ఆసుపత్రికి తీసుకుపోయాను. కట్టు కట్టే నర్సమ్మ, "ఎవరమ్మా నీకు ఇట్లా చేయమని చెప్పింది?" అని కసిరింది.

"ఎవురూ సెప్పల్యామ్మా" అంది అక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. అంత కాలిపోయి కూడా ఆయన పేరు చెప్పలేదు. నేను చెప్పబోతే మోచేత్తో పొడిచింది.

నాలుగు రోజులు జ్వరం. ఐదో రోజు తగ్గింది. బాప్తిస్మాల రోజు తెల్లచీర కట్టుకుని నాకంటే ముందు టెంపో దగ్గర నిలబడింది. నుదుటి మీద కట్టు. "ఇంగ అడ్డం ల్యాదు గదా" అంది. తోడుగా నేనూ ఎక్కాను.

మాధవరం దగ్గర ఏట్లో నీళ్లు నడుము లోతు ఉన్నాయి. నీళ్లలో దిగేవాళ్లు అక్క కాక ఏడుగురు. అందులో నందిని అని ఎమ్మిగనూరు అమ్మాయి, కొత్తగా పెళ్లయింది, మణికట్టు మీద మొగుడి పేరు పచ్చ పొడిపించుకుంది. పాస్టర్ అక్కను పిలిచి, "కట్టు ఎందుకమ్మా?" అని అంచు ఎత్తి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యో, తప్పు చేశానంటాడని నేను చూస్తున్నాను.

ఆయన వెనక్కి తిరిగి అందరినీ దగ్గరకు పిలిచాడు.

"సూడండి. అన్యుల గుర్తును ఈ తల్లి కాల్చేసుకుంది. ఇదీ విశ్వాసమంటే. తిప్పమ్మా, నీళ్లల్లోకి దిగే ముందు నీ సాక్ష్యం సెప్పు."

సంఘంలో ఒకతను ఫోన్ తీసి వీడియో పెట్టాడు. నందిని మెల్లగా చీర కొంగు చేతి మీదికి లాక్కుంది. అక్క అది చూసింది.

"ఇది సాక్ష్యం కాదయ్యా" అంది. "బుద్ధి తక్కువై సేసుకున్యా."

"అట్లనకూడదమ్మా. ప్రభువు కోసరం భరించినావు."

"ప్రభువు నన్ను అడగల్యా. నువ్వు అడిగితివి. ఆయన తిన్న దెబ్బలు సాలవని నేను ఇంగోటి కల్పాల్నా?"

ఫోన్ పట్టుకున్నతను చెయ్యి దించాడు.

"నీళ్లు నాకి కావాలయ్యా. ఇన్నేండ్లు కాసుకోనుండా. ఈ పుండును సూసి ఇస్తే మాత్రం వద్దు. ఆ పాప సేతి మీద వాళ్లాయన పేరు ఉండాది. నీ మాట ఇని రేపు ఇంటికి పొయ్యి సున్నం కలుపుకుంటాది. నేను అడిగింది తప్పని వీళ్లందరికీ ఒక్క మాట సెప్పు. ఇప్పుడే దిగుతా."

పాస్టర్ ఏటి వైపు చూశాడు. "వాక్యాన్ని నేను మార్చలేనమ్మా" అన్నాడు. నీళ్ల వైపు అడుగేస్తూ, "పుండు మాననీ. వచ్చే నెల సూద్దాం" అన్నాడు.

అప్పుడు నాకు ఆగలేదు.

"ఏం సూస్తావయ్యా వచ్చే నెల? పచ్చ మిగిలిందా ల్యాదా అనా? మొగుడు సస్తే ఊరోళ్లు అన్నీ పెరుక్కున్యారు. వాళ్లు గూడా వదిలేసిన దాన్ని నువ్వు వదల్లేదే! నా మొగం మీద ఏ గుర్తూ ల్యాదని నాకి ప్రభువు బల్ల ఇచ్చినావు. నా నోరు ఏనాడన్నా వాసన సూసినావా? పో, నా పేరు కొట్టెయ్!"

"బాప్తిస్మం కొట్టేసేది కాదు సుంకన్నా. కోపం తగ్గించుకో."

"తగ్గించుకోను!"

"రేయ్, సాలు" అంది అక్క. "నువ్వు మొదలు తాగుడు మాను. ఆ మీదట ఆయనతో కొట్లాడుదువు."

నందిని ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను పోదాం పదమంటే అక్క కదల్లేదు. "యాడికి? టెంపో సాయంత్రం గదా" అని గట్టు మీద కూర్చుని, అందరి పొడిబట్టలు, తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకుంది. ఆ ఏడుగురూ నీళ్లలోకి దిగుతుంటే నేను ఆమె పక్కన కూలబడ్డాను.

"నీళ్లు లేందే రక్షణ ల్యాదంటారే. నీకి భయం ల్యాదా అక్కా?"

"ఉన్నింది. కాబట్టే గదా గంటసేపు మంట ఓర్సుకున్యా." కట్టు సర్దుకుంది. "ఇప్పుడు ల్యాదు. యేసయ్యకు నా మొగం తెల్సురా."

నందిని వంతు వచ్చింది. చేతి మీది కొంగు తీసేసి, చెయ్యి చాచి పాస్టర్‌కు అందించింది. మణికట్టు మీద పేరు ఎండకు స్పష్టంగా కనబడుతోంది. పాస్టర్ చూశాడు. ఏమీ అనకుండా ఆమెను ముంచి లేపాడు. మా అక్కకు అడ్డం వచ్చిన వాక్యం ఆ నీళ్లలో ఏమైందో నాకు తెలియదు.

ఒక్కొక్కరూ వణుకుతూ గట్టెక్కుతుంటే అక్క లేచి తువ్వాళ్లు అందించింది. చివర పాస్టర్ వచ్చాడు. ఆయనకూ ఒకటి చాచింది. ఆయన ఆమె మొహం వైపు చూడకుండా తీసుకుని తల తుడుచుకున్నాడు.

"కట్టు తడవకుండా సూసుకో తల్లీ" అన్నాడు.