గావు పట్టే పళ్లు

తొండుపల్లి ముత్తయ్యంటే చుట్టుపక్కల ఊళ్లకు ముందు అతని నోరే గుర్తొచ్చేది. బోనాల నాడు ఒళ్లంతా పసుపు పూసుకుని, గజ్జెలు కట్టి, కొరడా పట్టి ఆడిన పోతరాజు, చివరికి చేతులు వెనక్కి పెట్టుకుని ముదురు సొరకాయను పళ్లతో కరిచి ఒక్క గుంజుతో చీల్చాలి. దాన్నే గావు పట్టడమంటారు. పూర్వం మేకపిల్లతో జరిగేది. సొరకాయ వచ్చినా కట్టుబాటు మాత్రం మారలేదు. గావు దగ్గర పోతరాజు పన్ను రాలిందా, ఆ ఏడు ఊరికి కీడు. ఆ ఇంటికి మళ్లీ కొరడా దక్కదు. ముత్తయ్య ముప్పై ఒక్క ఏళ్లు తప్పకుండా పట్టాడు.

2012 వేసవిలో ఒకనాడు జొన్నరొట్టె కొరికితే రొట్టె మీద ఎర్రని మరక పడింది. ముందు పళ్లు రెండు నాలుకతో తోస్తే కదిలాయి. ఆ మరక చూసింది భార్య రుక్కమ్మ ఒక్కతే. మర్నాడే మొగుణ్ని శంషాబాద్ బస్టాండు దగ్గరి పళ్ల డాక్టరు ఝాన్సీ దగ్గరికి లాక్కుపోయింది.

ఝాన్సీ సన్నని పుల్లలాంటి పనిముట్టుతో పంటికీ చిగురుకూ మధ్య లోతు కొలిచింది.

"మూడు మిల్లీమీటర్లు దాటకూడదండీ. మీకు ముందు పళ్ల దగ్గర ఏడుంది. లోపల ఎముక కరుగుతోంది."

"ఇగ కోస్తరా?" అన్నాడు ముత్తయ్య.

"తొందరపడకండి, రెండు దారులున్నాయి. మొదటిది కత్తి లేకుండా. మత్తిచ్చి చిగురు కింద వేరు దాకా గార గీకేస్తాం. లోతు తక్కువున్నచోట అదే మేలు, అక్కడ కోస్తే ఉన్న పట్టు కూడా పోవచ్చు. బాగా లోతున్నచోటికి మాత్రం ఒక్కోసారి పనిముట్టు అందదు. అప్పుడు చిగురు విప్పి, కంటితో చూస్తూ శుభ్రం చేసి కుట్లేస్తాం. ముందు గీకి, ఆరేడు వారాలాగి మళ్లీ కొలుద్దాం. తగ్గనిచోటే కత్తి. ఏది చేసినా ఇంట్లో పళ్లు శుభ్రంగా తోమకపోతే నిలవదు. పొగాకు అలవాటుందా?"

ముత్తయ్యకు పౌరుషం వచ్చింది. "బీడీ ముట్టలే, సుట్ట ముట్టలే, జర్దా ముట్టలే. ఏడో తరగతిల బడికే ఫస్టొచ్చిన. నా చేత్తోని అర్జీ రాసి ఊరికి బోరు ఏపిచ్చిన. జాతరల జొన్నల బస్త పండ్లతోని లేపిన..."

"డాక్టరమ్మ అడిగింది పొగాకు ముచ్చట. నీ జాతకం కాదు," అంది రుక్కమ్మ.

ఝాన్సీ నవ్వి, లేదని రాసుకుంది.

నాలుగు దఫాలుగా గీకడం పూర్తయింది. శుభ్రంగా తోమమన్న మాటను ముత్తయ్య అక్షరాలా పాటించాడు. చిన్ననాటి నుంచీ వాడే నల్ల పళ్లపొడితో పొద్దున ఒక్కసారి తోమేవాడు, ఇప్పుడు నాలుగుసార్లు మొదలుపెట్టాడు. చిగుళ్లు చల్లగా మొద్దుబారేవి. నెల తిరగకుండానే రక్తం ఆగింది. ఎయిర్‌పోర్టు గోడ పక్క హోటల్లో చాయ్ తాగుతూ, "కత్తి అవసరమే పడలే" అని అందరికీ చెప్పాడు. పళ్లు మాత్రం అలాగే కదులుతున్నాయి. ఆ సంగతి చెప్పలేదు.

బోనాలు పదిరోజులున్నాయనగా రుక్కమ్మ పోరు పడలేక కొలతకు వెళ్లాడు. ఝాన్సీ కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఎనిమిదుంది."

"రక్తం ఆగింది గద, అమ్మా?"

"అదే నాకు భయంగా ఉందండీ. ఇంత జబ్బుంటే రక్తం రావాలి. దేంతో తోముతున్నారు?"

ముత్తయ్య గర్వంగా జేబులోంచి పళ్లపొడి డబ్బా తీశాడు. ఆమె డబ్బా వెనక సన్నక్షరాలు చదివి, అతని ముందు పెట్టింది. ఏడో తరగతిలో బడికే ఫస్టొచ్చిన మనిషి కూడబలుక్కుని చదివాడు. పొగాకు.

"ఇది చిగురులో రక్తాన్ని ఆపి, జబ్బును దాచేస్తుంది. తగ్గించదు. ఇప్పుడిక చిగురు విప్పక తప్పదు. ముందు ఈ పొడి మానండి, లేకపోతే కోసినా గాయం సరిగా మానదు. అప్పటిదాకా ముందు పళ్లతో ఏదీ కొరకొద్దు."

ఇంటికొచ్చేసరికి తమ్ముడి కొడుకు రాఘవేందర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రుక్కమ్మ అతనికి అంతా చెప్పేసింది.

"పెద్దబాపూ, ఈసారి గావు నేను పడత. నువ్వు పక్కన నిలబడు, చాలు."

"సొరకాయ కూర తినుడనుకున్నవారా?"

"ఎవలు పట్టినా మనింటి కొరడానే గద! పన్ను రాలితే ఇద్దరికీ దక్కది."

"రాలది," అన్నాడు ముత్తయ్య.

బోనాల నాడు మబ్బు పట్టింది. డప్పులు ఉరుముతున్నాయి. ముత్తయ్య గుడి చుట్టూ మూడుసార్లు ఆడి, చేతులు వెనక్కి పెట్టుకుని వంగాడు. సరిగ్గా అప్పుడే ఒక విమానం గుడి మీదుగా దిగుతూ డప్పుల చప్పుడు మింగేసింది. కరిచాడు. గుంజాడు. సొరకాయ చీలింది. జనం చేతులెత్తడం కనిపించింది గాని, ముత్తయ్యకు కేకలేవీ వినపడలేదు. నోట్లో ఏదో లేచి వచ్చింది. నొప్పి లేదు. నాలుక మీద గట్టిగా, ఉప్పగా తగిలింది.

ఊరంతా అతని ముఖం వైపే చూస్తోంది. ముత్తయ్య పెదవులు బిగించి మింగాడు.

"ఈ ఏడు మంచిగుంటది!" అని పెద్దలు కొబ్బరికాయ కొట్టారు. రాఘవేందర్ వచ్చి కాళ్లు మొక్కాడు. ఏటా గావు పట్టగానే ముత్తయ్య ఊరు అదిరేలా కేక వేసేవాడు. జనం దానికోసం ఆగారు. అతను నోరు తెరవలేదు. రుక్కమ్మ గుంపులోంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, అతని గడ్డం కింద సన్నగా జారుతున్న ఎరుపును కొంగుతో తుడిచి, అది కుంకుమే అన్నట్టు అందరివైపూ చూసింది.

అప్పటికే అతని నాలుక పక్క పన్నును తడుముతోంది. అదీ ఊగుతోంది.