తెస్ఫాయే వేసిన బొమ్మ

ఇథియోపియాలో కొన్నేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసి, డెబ్బై ఆరులో కృపానందం భవానీపురం తిరిగొచ్చాడు. టేపురికార్డరు తెస్తాడని అందరూ ఎదురుచూస్తే, పెట్టెలోంచి మేకతోలు మీద వేసిన బొమ్మ తీశాడు. అక్కడ పక్కింట్లో ఉండే తెస్ఫాయే అనే చిత్రకారుడు ఇచ్చిందది. కరువులో ఖాళీ కుండలు ముందు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు. ఎర్రమట్టి నేల, నీలి బట్టలు, ముఖాన్ని మించిన కళ్ళు. ధాన్యం బస్తాల మీద కూర్చున్న అధికారి మాత్రం పక్కకి తిరిగి ఉన్నాడు.

"వాళ్ళ చర్చి బొమ్మల్లో మంచివాళ్ళకి రెండు కళ్ళూ వేస్తారు, చెడ్డవాళ్ళకి ఒకటే. తెస్ఫాయే ఆ పద్ధతిలో ఇప్పటి మనుషుల్ని వేస్తాడు," అని భార్య ఎలిజబెత్‌కి చెప్పాడు.

"అన్నం తినేచోట మాత్రం వద్దండీ," అందామె. బొమ్మ వెనకగదికి పోయింది.

మరుసటేడు అక్కణ్ణించి వచ్చిన ఇంకో మాస్టారు, తెస్ఫాయేని సైనికులు పట్టుకుపోయారనీ, మళ్ళీ ఎవరికీ కనబడలేదనీ చెప్పాడు. కృపానందం ఆ పూట అన్నం ముట్టలేదు. పోయినవాడు తనకి ఏమవుతాడో ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు.

ఆ నవంబరులోనే ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఉండే ఆయన అక్క అమలమ్మ తుమ్మచెట్టు కరుచుకుని బతికింది. భర్త, కొడుకు, కోడలు, మనవడు కొట్టుకుపోయారు. తమ్ముడు ఆమెను తెచ్చి వెనకగదిలో ఉంచాడు. బొమ్మ తీసేయబోతే, "ఉండనీరా," అంది.

రోజంతా దాన్నే చూసేది. ఒక సాయంత్రం అడిగింది.

"ఇది వేసినాయన ఏడిరా?"

కృపానందం అప్పుడు చెప్పాడు, మొదటిసారి, తెస్ఫాయే గురించి అంతా.

"దేహం దొరికిందా?"

"లేదక్కా."

"మావాళ్ళవీ దొరకలేదు." బొమ్మకేసి చూపిస్తూ, "మావాళ్ళని అట్లా వెయ్యరా నాకు," అంది.

కుంచె పట్టి ఎరగని మనిషి గవర్నర్‌పేట వెళ్ళి రంగులు కొన్నాడు. ఆమె చెబుతుంటే బావ మీసం వేశాడు, కోడలి కొప్పు వేశాడు. పోలికలు కుదరకపోయినా అమలమ్మ తల ఊపుతూనే ఉంది. చివరికి మనవడి కోసం గుండ్రంగా గీత గీసి, "చెప్పక్కా, చిన్నోడెట్లా ఉంటాడు?" అన్నాడు.

అమలమ్మ ఆ గీత చుట్టూ వేలు తిప్పింది.

"గుర్తు రావట్లేదురా," అంది.

మర్నాడు అడిగినా అదే మాట. ఆ తర్వాత ఆయన అడగలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది, పిలిస్తే పలికేది కాదు. ఎండలు ముదరకముందే పోయింది.

సమాధుల తోట నుంచి వస్తూ, "వదినకైనా ఇంత మట్టి దక్కింది," అంది ఎలిజబెత్.