కొవ్వూరుకు నేను వేసిన దారి

ముందు నా తెలివితక్కువతనం చెప్పేస్తాను. బరువు సంగతి తర్వాత. ఇన్నేళ్లు మోసినవాణ్ణి, ఇంకో నాలుగు వాక్యాలు మోస్తే నడుం విరగదు.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగిని. మా చుట్టాల దృష్టిలో మాత్రం వైర్లు బిగించేవాణ్ణి. ఫోన్ పనిచెయ్యడం లేదని నాకు ఫోన్ చేసి మరీ చెబుతారు. నేనూ ఓపిగ్గా వింటాను. అసలు నా పని దారులు వెయ్యడం. ఈ కంప్యూటర్లో బయల్దేరిన సమాచారం ఆ ఊళ్లో ఉన్న కంప్యూటరుకి ఏ దారిన చేరాలో చెప్పే పని. అలా వేసిన దారుల్లో ఒకటి తప్పు వేశాను. అంతవరకూ అది తెలివితక్కువతనమే. తెలివితక్కువతనానికి ఎవరూ కుమిలిపోరు, లోకంలో సగం మంది దాంతోనే హాయిగా బతుకుతున్నారు. ఆ తప్పు ఇంకొక మనిషి నెత్తిన పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. అదీ బరువు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఒప్పుకుందామని కూర్చుని కూడా పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది, చూశారా? నా సంగతి మీకు ఇక్కడే అర్థమైపోవాలి.

మాది కడియం. మా ఊరి మొక్కల లారీలు దేశమంతా తిరుగుతాయి. డ్రైవర్లు దారిపొడుగునా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటూ ఉంటారు. ఫలానా చోట రోడ్డు తవ్వేశారు, ఫలానా కల్వర్టు కుంగింది, ఇటు రాకు, అటు పో. ఆ కబుర్లను బట్టి ఎప్పటికప్పుడు దారి మార్చుకుంటారు. మా వృత్తిలో డైనమిక్ రూటింగ్ అంటే ఇంతే. రౌటర్లనే పెట్టెలు తమలో తాము కబుర్లు చెప్పుకుని, ఏ దారి తెరిచి ఉంటే ఆ దారిన పంపిస్తాయి. ఇంకోటి స్టాటిక్ రూటు. అంటే, ఓనరు చీటీ రాసి డ్రైవరు చేతిలో పెట్టడం: ఇదే దారిన వెళ్లు, ఎవడేం చెప్పినా వినకు. రెండూ కలిపి వాడుకోవచ్చు. అందరూ వాడతారు. కాకపోతే రెండు మాటలూ పడనప్పుడు పెట్టె ఎవరి మాట వినాలి?

దానికో పద్ధతి ఉంది. ప్రతి మాటకీ పెట్టె ఒక నంబరు కట్టుకుంటుంది. నంబరు ఎంత చిన్నదైతే నమ్మకం అంత పెద్దది. తోటి రౌటర్లు చెప్పే కబురుకి నూటపది. మనిషి తన చేత్తో రాసిన దారికి ఒకటి. మా ఇంటావిడ కూడా నన్ను అంతలా నమ్మదు. మనిషి రాశాడంటే ఏదో తెలిసే రాసి ఉంటాడని ఆ ఇనప పెట్టె అనుకుంటుంది. ఆ నమ్మకం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు ముడుచుకుపోతుంది.

మా ఆసుపత్రికి గోదావరి అవతల, కొవ్వూరులో, చిన్న శాఖ ఉంది. అక్కడ తీసిన స్కానులు ఇక్కడి పెద్ద డాక్టర్లు చూసి చెబుతారు. ఏటి మీద మాకు రెండు దారులు: వంతెన మీదుగా వెళ్లే ఫైబరు, మేడ మీద గొడుగుల్లాంటి డిష్‌లతో గాల్లో నడిచే రేడియో. ఒకటి పడిపోతే రెండోది అందుకునేట్టు డైనమిక్ రూటింగు పెట్టింది నేను కాదు, గ్రేస్ మణి గారు. ఆవిడదీ నాదీ ఒకే హోదా, ఒకే గది. కొవ్వూరు మనిషి. వాళ్ల నాన్నగారు మిషన్ బడిలో లెక్కల మాస్టారు. రోజూ బస్సులో వంతెన దాటి వచ్చేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే నా వైపు ఒక మూత జరిపేది. ఆ మూతలో చేపల పులుసు తిని తిని నేను ఇలా తయారయ్యానంటే మీరు నమ్మకపోవచ్చు.

ఓ ఏడాది వర్షాల్లో ఫైబరు పేచీ పెట్టింది. ఓ క్షణం ఉంటుంది, ఓ క్షణం పోతుంది. కబుర్లు మారినప్పుడల్లా పెట్టెలు దారి మార్చేవి. మార్చినప్పుడల్లా డైరెక్టరు గారి వీడియో మీటింగులో బొమ్మ నిలిచిపోయేది, అదీ ఆయన నోరు తెరిచి ఉండగా. ఆయన నన్ను పిలిచి, జీతం దేనికిస్తున్నామో గుర్తు చేశారు. నేను కిందికొచ్చి కొవ్వూరుకి స్టాటిక్ రూటు రాసెయ్యాలనుకున్నాను. రేడియో మీదుగానే వెళ్లు, ఎవరి మాటా వినకు.

తీరా చూస్తే నా లాగిన్ లాకై ఉంది. పాస్‌వర్డు తప్పు కొట్టాను. విప్పించుకోవాలంటే హైదరాబాదుకి మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. మా గదిలో ఇలాంటప్పుడు పక్కింటివాళ్లని పంచదార అడిగినట్టు పక్కవాళ్ల లాగిన్ అడగడం అలవాటు. అది తప్పని అందరికీ తెలుసు. అందరం చేసేవాళ్లం. మణి గారు తన పాస్‌వర్డు తనే కొట్టి, కుర్చీ నా వైపు తిప్పింది. పెడితే పెట్టండి గానీ ఫైబరు కుదుటపడగానే తీసెయ్యండి అంది. ఉంచాలనుకుంటే ఆఖర్న రెండొందల నంబరు వేసి ఉంచండి, అప్పుడది అడుగున పడుకుని ఉంటుంది, అన్ని దారులూ మూసుకుపోయినప్పుడే లేస్తుంది అంది.

నేను రెండొందలు వెయ్యలేదు. బొమ్మ నిలిచిపోకుండా ఉంటే చాలనుకున్నాను. నాకు తెలియని సంగతా? తెలిసిందే. ఆవిడ గుర్తు చేసిందని వెయ్యలేదేమో. ఇదింకా నాకు సరిగ్గా తేలలేదు. కొన్ని రోజులకి ఫైబరు బాగైంది. మణి గారు అడిగింది, తీసేశారా అని. తీసేశానన్నాను. తీసెయ్యలేదు. మర్చిపోయాను, మర్చిపోయానని చెప్పడానికి సిగ్గేసింది, తర్వాత తీద్దామనుకున్నాను, ఆ తర్వాత నా అబద్ధాన్ని నేనే నమ్మేశాను. అబద్ధాలు చెప్పేవాళ్లలో నాది మరీ అడుగు తరగతి. నా మాట ఎవరూ నమ్మకముందే నేను నమ్మేస్తాను.

వేసంకాలంలో ఓ మధ్యాహ్నం ఈదురుగాలి వచ్చింది. కొవ్వూరు మేడ మీద డిష్ పక్కకి తిరిగింది. ఫైబరు చక్కగా ఉంది. పెట్టెలన్నీ మొత్తుకుంటున్నాయి, ఫైబరు మీదుగా పొమ్మని. కానీ ఒకటో నంబరువాడు, అంటే నేను, రేడియో మీదుగానే వెళ్లమని రాసి ఉన్నాడు. రేడియో ఇటు కొస బతికే ఉంది కాబట్టి పెట్టెకి అనుమానం రాలేదు. పంపింది పంపినట్టు గాల్లో కలిపేసింది.

అదే సమయానికి కొవ్వూరు శాఖకి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. ఏట్లో వల వేసుకునే మనిషి. మాట తడబడుతోంది, నోరు వంకరపోతోంది. స్కాను తీశారు. పంపారు. రాలేదు. మళ్లీ పంపారు. నేనేం చేస్తున్నానో తెలుసా? మేడెక్కి, మా డిష్‌ని నిమురుతున్నాను, అదేదో గేదె అయినట్టు. కిందికి దిగేసరికి కొవ్వూరు లింకు లేచింది. అప్పటికే మణి గారు పెట్టెలోకి వెళ్లి, తన పేరు మీద ఉన్న నా రూటుని చూసి, తీసేసింది. తెరని నా వైపు తిప్పి, మంచినీళ్లు తాగడానికి బయటికి వెళ్లింది.

పెద్దాయన బతికాడు. కుడి చెయ్యి వెనక్కి రాలేదు. వల విసిరే చెయ్యి అదే. ఆలస్యం వల్లేనని ఏ డాక్టరూ అనలేదు. కాదని కూడా అనలేదు.

వాళ్ల బంధువులు గొడవ చేశారు. యాజమాన్యానికి ఒక పేరు కావాల్సొచ్చింది. పెట్టెలోని రికార్డు తీశారు. పేరు దొరికింది. మర్నాడు డైరెక్టరు గారి గదిలో ముగ్గురం.

"ఏంటమ్మా ఇది? నీ పేరే ఉంది."

"ఆ రూటు నేను పెట్టలేదండి."

"మరి దయ్యం పెట్టిందా?"

మణి గారు నా వైపు చూసింది. కోపంగా కాదు. క్యారేజీ మూత జరిపినప్పుడు చూసినట్టే, తీసుకోండి అన్నట్టు.

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పవయ్యా, ఏంటి సంగతి?"

"రికార్డులో మేడం గారి లాగిన్ ఉందండి," అన్నాను.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నా గొప్ప. జన్మకోసారి పూర్తి నిజం మాట్లాడి ఒక మనిషిని ముంచాను. ఆ గదిలో కూడా నంబర్లే పనిచేశాయని తర్వాత అర్థమైంది. నా మాటకి ఒకటి, ఆవిడ మాటకి నూటపది. ఎందుకలా అంటే చాలా కారణాలు చెప్పొచ్చు. ఆవిడ ఆడమనిషి, నేను డైరెక్టరు గారికి ఎదురు చెప్పనివాణ్ణి, రికార్డు నా పక్షాన ఉంది. ఏ కారణమైనా నేను నోరు తెరిస్తే పోయేది.

మెట్లు దిగుతుంటే ఆవిడ ఆగింది.

"మీరు చెబుతారని ఆగానండి. నేను చెబితే చాడీ అవుతుంది కదా."

అప్పుడైనా వెనక్కెక్కి ఉండొచ్చు. గట్టిగా పది మెట్లు కూడా ఉండవు. నేనేమన్నానో చెప్పమంటారా? "మీ బస్సుకి టైమవుతోందేమోనండి," అన్నాను.

"అవునండి," అని వెళ్లిపోయింది.

ఆవిడ ఉద్యోగం పోయింది. ఈ చుట్టుపక్కల మా వృత్తిలో ఉన్నవాళ్లం పిడికెడు మంది. ఎక్కడ దరఖాస్తు పెట్టినా వాళ్లు మాకే ఫోన్ చేసి అడుగుతారు. రెండు మూడుసార్లు ఆ ఫోన్లు నా దగ్గరికే వచ్చాయి. చెడు చెప్పలేదు. మంచీ చెప్పలేదు. నాకు తెలియదండీ అన్నాను. స్టాటిక్ అంటే కదలనిది. నాకంటే స్టాటిక్ ఎవరున్నారు?

ఆ తర్వాత నేను ఇన్‌చార్జినయ్యాను. కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెబుతాను: స్టాటిక్ రూటు రాస్తే ఆఖర్న రెండొందలు వెయ్యండి, అడుగున పడుకుని ఉంటుంది. భలే చెప్పారు సార్ అంటారు. మాటలు కూడా ఆవిడవే.

ఈమధ్య ధైర్యం చేశాను. ధైర్యమంటే మరీ పెద్ద మాట, నిద్ర పట్టనివాడి నీరసం అనండి. డైరెక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన విని, పాత సంగతులు తవ్వితే ఆ పెద్దాయన పిల్లలు కోర్టుకెక్కుతారని, నా మనసు మంచిదని, ఓ వారం సెలవు పెట్టమని అన్నారు. తప్పు నాదేనని ఒప్పుకుంటే సెలవిచ్చారు. చెయ్యనిదానికి ఆవిణ్ణి శాశ్వతంగా ఇంటికి పంపారు.

ఆ సెలవులో పిఠాపురం వెళ్లాను. మణి గారు ఇప్పుడు అక్కడ గుడి వీధిలో జిరాక్స్ కొట్టు నడుపుతోంది. గదుల కోసం యాత్రికులు ఆధార్ కాపీలు తీయించుకునే కొట్టు. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"దారి తప్పొచ్చారేంటండీ?"

అందరూ అనే మాటే. ఆవిడ దెప్పిందో, మామూలుగానే అందో తెలియలేదు. చెప్పాలనుకున్నవన్నీ గొంతులో వరస కట్టి నిలబడ్డాయి. వెనకాల భక్తులు కూడా వరస కట్టి నిలబడ్డారు.

"అవునండి," అన్నాను.

"ఎన్ని కాపీలండి?"

జేబులోంచి ఆధార్ తీసిచ్చాను. రెండు వైపులా తీసి, అంచులు సరిచేసి ఇచ్చింది. వేడిగా ఉన్న ఆ కాగితం మీద నా పేరు స్పష్టంగా పడింది. పట్టుకుని బస్సెక్కాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ క్షమించాల్సొస్తుంది. ఆ పని కూడా ఆవిడ చేతే చేయించడం దేనికి?

సెలవు అయ్యాక ఆఫీసులో ఒక పని చేశాను. మా రౌటర్లలోకి ఎవరు వెళ్లినా పాస్‌వర్డు అడిగే ముందు పైన ఒక హెచ్చరిక కనిపిస్తుంది, అనుమతి లేనివారు ప్రవేశించరాదని. దాన్ని చెరిపేశాను. దానికి తెలుగు లిపి రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాశాను: కొవ్వూరు రూటు తప్పు గ్రేస్ మణిది కాదు, నాది. కింద నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. హెచ్చరికలు ఎవరు చదువుతారు? చూడకుండా పాస్‌వర్డు కొట్టుకుంటూ పోతారు. దీనివల్ల మణి గారికి ఉద్యోగం రాదు, పెద్దాయనకి చెయ్యి రాదు. కానీ ఆ పెట్టెల్లోకి అందరికంటే ఎక్కువసార్లు వెళ్లేది నేను. రోజూ పొద్దున్నే, పని మొదలుపెట్టే ముందు, దాన్ని దాటుకునే లోపలికి వెళ్లాలి. నా మీద నేను తీర్చుకోగలిగిన పగ ఇంతే.

రాసిన రోజున సేవ్ కొడితే పెట్టె అడిగింది, ఖాయమేనా అని. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు, అప్పట్లాగే నమ్మేసింది.