మా సంఘంలో ఏకగ్రీవం

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే మా ఊరు. మా వాడలో ఉన్న ఇళ్లన్నీ బాప్తిస్టు ఇళ్లే. మా ముత్తవ్వ చిన్నప్పుడు దొరలు గుర్రబ్బండి మీద వచ్చి బాప్తిస్మాలు ఇచ్చారని చెప్పుకునేవాళ్లు. నేను ఆ వాడలోనే పుట్టాను. అదే ఊరి బడిలో టీచరుగా చేరి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చాను కాబట్టి నా బతుకంతా బడికీ చర్చికీ మధ్యే గడిచింది. సండేస్కూలు నేనే చెప్పేదాన్ని. చేతిరాత బాగుంటుందని సంఘం రిజిస్టర్లు కూడా నాతోనే రాయించేవాళ్లు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఏ రోజు బాప్తిస్మం పుచ్చుకున్నారు, అన్నీ నా రాతలోనే ఉండేవి.

ఆ ఏడాది పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయని తెలిశాక, గురువారం స్త్రీల కూడికలో వాక్యం చెప్పే వంతు నాదైంది. ఓటు గురించి చెప్పాను. దానికి నేను బాగా తయారయ్యాననే చెప్పాలి. "మీరు ఓటు వేసేటప్పుడు ప్రభువు మీ పక్కనే నిలబడి చూస్తున్నాడనుకోండి. ఆయన చూస్తుండగా ఎవరి గుర్తు మీద ముద్ర వెయ్యడానికి మీకు సిగ్గేస్తుందో, వాళ్లకు వెయ్యొద్దు. మన కులమని వెయ్యొద్దు, మన చర్చి అని కూడా వెయ్యొద్దు. బీదవాడి పక్షాన ఎవరు నిలబడతారో చూడండి" అన్నాను. ఆడవాళ్లు తలలూపారు. ఒకరిద్దరు ఆమెన్ అన్నారు.

కూడిక ముగిశాక మా పిన్నమ్మ కూతురు ఒక్కతే చాపలు చుట్టి పెడుతూ ఉండిపోయింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఉపాధి పనుల్లో కూలీల హాజరు రాసే మేటుగా చేసేది. మా ఊళ్లో ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి సగం మందికి మోకాళ్లు వంగవు, పిల్లల పళ్లన్నీ గార పట్టి ఉంటాయి. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఒకటి కట్టి, ఆరు నెలలు నడిపి, తాళం వేశారు. ఆ తాళం తియ్యమని ఆడవాళ్లను వెంటేసుకుని ఖాళీ బిందెలతో ఉదయగిరి ఆఫీసు ముందు రెండు రోజులు కూర్చున్నది ఈ చెల్లెలే.

"అక్కా, నువ్వు చెప్పింది బాగుండాది. ఒకటి అడగతా. నువ్వు చెప్పినట్టాంటి మనిషి ఎవురూ నిలబడకపోతే ఏం చెయ్యాల?" అంది.

"ప్రార్థన చెయ్యాల" అన్నాను.

"ప్రార్థన చేస్తానే ఉండాం గదా. ప్లాంటు తాళం తియ్యలా."

నేను నవ్వాను. అది నవ్వలేదు. వారం తిరిగేసరికి సర్పంచి పదవికి నామినేషన్ వేసింది.

మా పంచాయతీ ఆ సారి ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. ఎవరు కాబోతున్నారో అప్పటికే అందరికీ తెలుసు. ఆత్మకూరులో ఉండే లీడరు ఒకరు మా ఊరి రాజకీయమంతా చూస్తారు. ఆయన మా అన్న కోడలి పేరు చెప్పారు. మా అన్న సంఘ కార్యదర్శి. ఆ కోడలికి ఊళ్లో నీళ్ల ట్యాంకు ఎక్కడుందో కూడా తెలియదు. కొండాపురం పిల్ల, మెత్తని మనిషి, మామ సంతకం పెట్టమన్న చోట పెడుతుంది. లీడరుకు కావలసింది అంతే. బదులుగా చర్చికి ప్రహరీ గోడ, పక్కన ఒక హాలు కట్టిస్తానని ఆయన మాట ఇచ్చారు. పాస్టరయ్యగారు ఆదివారం ఆరాధనలో, దేవుడు మన సంఘాన్ని జ్ఞాపకం చేసుకున్నాడని, మనలో చీలికలు రాకుండా సాతానును బంధించాలని కన్నీళ్లతో ప్రార్థించారు. ఎవరిని బంధించమంటున్నారో తెలియని వాళ్లు ఆ చర్చిలో లేరు. చెల్లెలు రెండో వరుసలో కూర్చుని ఉంది. అందరితోపాటు మోకరించింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాడలో అందరం ఆదివారం క్రైస్తవులం, కాగితంలో హిందువులం. బాప్తిస్మం పుచ్చుకున్నామని కాగితంలో రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. బడిలో సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. నా ఉద్యోగమూ అట్లా వచ్చిందే. మతం మారితే మా మీద ఊరి చూపు ఏమైనా మారిందా అంటే ఒక్క రవ్వ కూడా మారలేదు. టీ కొట్టు దగ్గర మేము ఏ వైపు కూర్చునేవాళ్లమో బాప్తిస్మం తరువాతా ఆ వైపే కూర్చున్నాం. కాబట్టి ఆ అబద్ధానికి మేమెవరం సిగ్గుపడేవాళ్లం కాము. దాని గురించి మాట్లాడేవాళ్లమూ కాము. ఒకరి గుట్టు ఒకరు కాచుకోవడమే మా సంఘంలో నిజమైన ఐక్యత అని నేను అనుకుంటూ ఉండేదాన్ని.

నామినేషన్లు ముగిసిన మరునాడు పొద్దున అన్న మా ఇంటికి వచ్చాడు. నేను ఇడ్లీ పిండి కలుపుతున్నాను.

"అమ్మాయ్, బాప్తిస్మాల రిజిస్టరు ఒకసారి ఇయ్యి. వార్షికోత్సవానికి పాత సభ్యుల లిస్టు రాయాల."

వార్షికోత్సవానికి ఇంకా అయిదు నెలలు ఉంది. నేను చేతులు కడుక్కుని బీరువా తీశాను. ఆ రెండు నిమిషాల్లో నాకు అంతా తెలిసిపోయింది. తెలియలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గాని, తెలుసు. నాయన పోయాక నన్ను టీచర్ ట్రైనింగ్ చదివించింది అన్న. విధవగా వచ్చినప్పుడు ఇల్లు ఇచ్చింది అన్న. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉండింది, "ఎందుకన్నా ఇప్పుడు?" అని. అది అడగకుండా రిజిస్టరు ఇచ్చాను. పైగా "కాఫీ తాగిపో" అన్నాను.

పేర్లు వెనక్కి తీసుకోవడానికి గడువు మరునాటితో ముగుస్తుందనగా, మధ్యాహ్నం చర్చి వెనక గదికి రమ్మని కబురొచ్చింది. పాస్టరయ్యగారు, అన్న, లీడరు పంపిన మనిషి కూర్చుని ఉన్నారు. చెల్లెలు పని దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు మట్టి అట్లాగే ఉంది. బల్ల మీద ఒక కాగితం పెట్టి ఉంది. బాప్తిస్మాల రిజిస్టరులో ఒక పేజీ జిరాక్సు.

లీడరు మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. "చూడమ్మా, ఇది తీసుకపొయ్యి పైన ఇస్తే నీ సర్టిఫికెట్ మీద ఎంక్వయిరీ వేస్తారు. గెలిచినా పదవి నిలవదు. నీది ఒకటే అయితే పర్లేదు. నీ బిడ్డ నెల్లూరులో నర్సింగు చదవతా ఉండాది గదా. ఆమె సీటు కూడా అదే సర్టిఫికెట్ మీద వచ్చిందే. ఆలోచించుకో."

చెల్లెలు కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. పేరు మీద వేలు పెట్టి ఆగింది.

"ఇది అక్క రాత" అంది. తరువాత నా వైపు తిరిగింది. "నువ్విచ్చినావా అక్కా?"

"అన్న అడిగితే ఇచ్చినా" అన్నాను. అరవై దాటిన దాన్ని, వాక్యం చెప్పేదాన్ని, నా నోట్లోంచి వచ్చిన మాట అదీ.

అది అన్న వైపు చూసింది. "నీ కోడలు కూడా బాప్తిస్మం తీసుకునిందే గదా అన్నా."

"ఆమెది కొండాపురం సంఘం. ఆమె పేరు మన పుస్తకంలో లేదు" అన్నాడు అన్న. ఆ మాట అనేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పాస్టరయ్యగారు అందుకున్నారు. "అమ్మా, నీ మీద ఎవురికీ ద్వేషం లేదు. సంఘ ఐక్యత కోసం ఒక మెట్టు దిగు. దేవుడు నిన్ను ఇంకో రకంగా వాడుకుంటాడు."

"అయ్యగారూ, ఎంక్వయిరీలో నేను క్రైస్తవురాలిని కాదని రాసియ్యమంటే రాసియ్యను. అది మీకూ తెలుసు. అందుకే ఈ కాగితం తెచ్చినారు" అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. "నేను ప్రభువును ఎరగనని చెప్పి సర్పంచి కాలేను. ప్రభువు బిడ్డలందరూ కలిసి నన్ను ఈడ కూర్చోబెట్టినారు. యాడ సంతకం పెట్టాల?"

పెట్టింది. మరునాడు ఆ ఉపసంహరణ ఫారం ఆఫీసులో ఇచ్చి పేరు వెనక్కి తీసుకుంది. పోటీలో ఇంకెవరూ లేరు కనుక అన్న కోడలు ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. వార్డు మెంబర్లను కూడా అట్లాగే సర్దుబాటు చేశారు. మా ఊళ్లో ఆ సారి పోలింగే జరగలేదు.

ప్రకటించిన సాయంత్రం బాణాసంచా కాల్చుతుంటే నాకు నాయన గుర్తుకొచ్చాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు మొదటిసారి ఓటు వెయ్యడానికి పోతే, "మీ వాడ ఓట్లు పొద్దున్నే అయిపోయినాయి, ఇంటికి పోండి" అన్నారట. ఆయన పోలేదు. సాయంకాలం పెట్టెలకు సీలు వేసేదాకా రోడ్డు పక్క నిలబడి, సిరా లేని వేలితో ఇంటికొచ్చాడు. ఆ తరువాత బతికున్నన్నాళ్లూ పోలింగు రోజు తెల్లవారకముందే స్నానం చేసి, చర్చికి కట్టుకునే పంచె కట్టుకుని, లైనులో ముందు నిలబడేవాడు. ఆయన ఓటు పరాయివాళ్లు వేసుకున్నారు. మా ఓట్లు మేమే, ప్రార్థన చేసి మరీ, లేకుండా చేసుకున్నాం.

కృతజ్ఞతారాధనలో వాక్యభాగం చదవమని నన్నే పిలిచారు. లేచి చదివాను. స్పష్టంగా, తడబడకుండా చదివాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు నాకే వినబుద్ధి కాదు.

గోడ కట్టారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. హాలు కూడా పూర్తయింది, గుమ్మం పక్కన రాతిపలక మీద లీడరు పేరు పెద్దగా, ప్రభువు పేరు చిన్నగా చెక్కించారు. నీళ్ల ప్లాంటు తాళం మాత్రం తియ్యలేదు. వింజమూరు నుంచి ఆటోలో వచ్చే క్యాన్ల నీళ్లు కొనగలిగిన వాళ్లు కొంటున్నారు, కొనలేని వాళ్లు బోరు నీళ్లే తాగుతున్నారు. చెల్లెలిని మేటు పని నుంచి తీసేశారు. కారణం చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అది చర్చికి రావడం మానేసింది.

రెండు నెలలకు ధైర్యం చేసుకుని దాని ఇంటికి పోయాను. వేరుశనక్కాయలు వలుస్తోంది. కూర్చోమని పీట వేసింది, మంచినీళ్లు ఇచ్చింది.

"నా మీద కోపంగా ఉండాదా?" అన్నాను.

"కోపం ఎందుకక్కా. నువ్వు భయపడినావు. నేనూ భయపడే గదా సంతకం పెట్టినా."

"చర్చికి రా."

"వస్తే నువ్వు వాక్యం చెప్తావు" అంది. "నీ మీద కోపం లేదు. నీ మాట మీదే నమ్మకం పొయ్యింది. ఇంక చర్చికి రమ్మని అడగబాక."

మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. పాస్టరయ్యగారు స్త్రీల కూడికలో 'ఓటు – క్రైస్తవ బాధ్యత' అని నన్నే మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో కూడా చెప్పారు, పేరు చెప్పకుండా ఎవరి వైపు తిప్పాలో చెప్పారు. నేను సరేనన్నాను. గురువారం లేచి నిలబడి, ఆ రోజు చర్చి వెనక గదిలో ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. "ఆ పేజీ ఇచ్చింది నేనే. అడ్డం చెప్పే అవకాశం నాకు ఉండింది, చెప్పలా. పక్కన ప్రభువు ఉన్నాడనుకోమని మీకు చెప్పినా. ఆ గదిలో నా చెల్లెలి పక్కన నేనే లేను. ఓటు గురించి మీకు చెప్పే అర్హత నాకు లేదు. ఎవరికి వెయ్యాలో అయ్యగారు చెప్తే వినబాకండి, నేను చెప్పినా వినబాకండి" అన్నాను.

నేను ఎదురుచూసింది ఏమిటో నాకే తెలియదు. ఎవరైనా ఏడుస్తారనో, కనీసం లేచి తిడతారనో. అయ్యగారి భార్య మెల్లగా కీర్తన ఎత్తుకుంది. ఆడవాళ్లందరూ అందుకున్నారు. రెండో చరణానికి నేను చెప్పింది ఆ కూడికలో లేకుండా పోయింది. మరుసటి ఆదివారం నుంచి సండేస్కూలు వేరే వాళ్లు చెబుతున్నారు. రిజిస్టర్లు అన్న ఇంటికి వెళ్లాయి. అన్న నాతో మాట్లాడటం లేదు. ఇన్నేళ్లలో ఆయన నాకు చేసిన మేలంతా నిజమే కనుక, ఆ మౌనం నాకు తేలికగా లేదు.

పోలింగు నేను పనిచేసిన బళ్లోనే పెట్టారు. పది గంటలకే ఎండ మండిపోతోంది. లైనులో నాకు కొంచెం ముందు చెల్లెలు, దాని పక్కన నెల్లూరు నుంచి వచ్చిన కూతురు. ఆ పిల్లకు అది మొదటి ఓటు. "ఎవురికి వెయ్యమంటావు మా?" అని పిల్ల అడగడం నాకు వినిపించింది. చెల్లెలు "నీకు చదువుండాది. నువ్వే చూసుకో" అంది.

ఇద్దరూ ఓటు వేసి బయటికి వచ్చారు. నేను ఇంకా ఎండలోనే ఉన్నాను. చెల్లెలు నా పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది.

"ఎండ జాస్తిగా ఉండాది. కొంగు నెత్తిన ఏసుకో" అంది.

లైనులో ఉన్న ఏ ముసలామెకైనా చెప్పేటట్టే చెప్పింది. నేను కొంగు సర్దుకుని తల ఎత్తేలోపల కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది.