మార్చి నెల రైఫిల్

నేను పుట్టిన ఏడాది తయారైన తుపాకి కోసం రెండేళ్ళు తిరిగాను. ఈ మాట వినగానే జనం ముఖం ఎలా పెడతారో నాకు బాగా తెలుసు. మా తెలుగు చర్చి సంఘంలో ఆరాధన అయ్యాక పులిహోర వడ్డిస్తూ ఒకసారి నోరు జారాను. పక్కనున్నావిడ గరిటె అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. యాభై దాటి, పాటల బృందంలో ముందు వరసలో నిలబడే మనిషికి ఇదేం పోయేకాలమని ఆవిడ బాధ. అడిగితే చెప్పేదాన్నే. అడగలేదు, ఇంకో గరిటెడు వేసి ముందుకెళ్ళిపోయింది.

ఈ పిచ్చి నాకు అమెరికా వచ్చాక పట్టింది కాదు. గుడివాడలో ఇంటర్ చదివే రోజుల్లో ఎన్‌సిసి క్యాంపులో బోర్లా పడుకోబెట్టి పాయింట్ టూటూ రైఫిల్ చేతికిచ్చారు. ఐదు గుళ్ళు. ఐదూ నా అరచేతి వెడల్పులోనే పడ్డాయి. సుబేదారు గారు కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూశారు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి, వీసా. వీసా మీద ఉన్నన్నాళ్ళూ తుపాకి ఊసే ఎత్తలేదు. మేముండే బెంటన్‌విల్‌లో మాత్రం ఆ ఊసు ఎత్తకుండా ఉండడం కష్టం. జింకల వేట మొదలయ్యే రోజుల్లో ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

ఆ వేటగాళ్ళలో ఒకాయన మా టీములోనే పనిచేసేవాడు. రిటైరవబోతున్న పెద్దమనిషి. లంచ్‌లో ఫోన్ తీసి, తను పుట్టిన ఏడాది తయారైన తుపాకులు చూపించాడు. ఒకటి కాదు, పదకొండు. నీతోపాటు ఈ లోకంలోకి వచ్చి, నీతోపాటే గీతలు పడి, ఇంకా పనిచేస్తున్న వస్తువు చేతిలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకో అన్నాడు. నేను ఊహించుకున్నాను. డబ్బాలో పెరుగన్నం చల్లారిపోయిందని మీతో అనబోయాను, కానీ అది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. నాకంత ఒళ్ళు తెలియలేదన్నమాట.

అప్పటికి గ్రీన్ కార్డు వచ్చేసింది, తుపాకి కొనుక్కోవచ్చు. మా ఆయనకి చెప్పాను. ఆయన మూడు రోజులు ఆలోచించి షరతు పెట్టారు. "ఒక్కటే. నువ్వు పుట్టిన ఇయర్‌ది దొరికితే తీసుకో. ఇంకోటి మాత్రం ఇంట్లోకి రాకూడదు." ఆ మర్నాడే ఇనప బీరువా ఆర్డర్ చేశారు. అంత జాగ్రత్త మనిషి. రెండేళ్ళపాటు ఆ బీరువాలో మా పాస్‌పోర్టులే కాపురం చేశాయి.

తుపాకి దొరక్క కాదు. దొరికినప్పుడల్లా ఏదో వంక పెట్టి వదిలేసేదాన్ని. అసలు చిక్కు వేరే ఉంది.

సర్టిఫికెట్ ప్రకారం నేను పుట్టింది పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, జూన్ ఒకటి. మా తరగతిలో సగం మందీ జూన్ ఒకటినే పుట్టారు. బడిలో చేర్చే రోజున హెడ్మాస్టరు గారు వేసేసిన తేదీ అది. రేపు ఉద్యోగానికి ఏడాది కలిసొస్తుందని మా నాన్న సంవత్సరం కూడా ఒకటి ముందుకి జరిపించారు. అసలు తేదీ మా ఇంటి బైబిలు మొదటి ఖాళీ పేజీలో, మా అమ్మ చేతిరాతతో ఉంది. డెబ్బై మూడు, మార్చి. మా ఆయన టౌన్ హాస్పిటల్లో పుట్టారు కాబట్టి ఆయన తేదీలో తేడా లేదు. డెబ్బై మూడు, అక్టోబరు.

లెక్క అర్థమైందిగా. కాగితం మీద ఎనిమిది నెలలు చిన్నదాన్ని, నిజానికి ఏడు నెలలు పెద్దదాన్ని. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్నే "పిల్ల చిన్నదేగా?" అని. మా అమ్మ టెన్త్ సర్టిఫికెట్ తెచ్చి చూపించింది. ఆ సాయంత్రం వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "ఈ సంగతి నీ నోట రాకూడదు. అబ్బాయి కంటే అమ్మాయి పెద్దదంటే జీవితాంతం మాట పడాలి" అంది. ఇరవై ఆరేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. ఏటా జూన్ ఒకటిన ఆయన కేకు తెస్తారు. ముక్క నోట్లో పెడితే తినేసేదాన్ని.

పోయిన వసంతంలో ఒక శనివారం, ఊరి బయట సంత జరిగే పెద్ద హాల్లో గన్ షో. లోపలికి వెళితే నూనె వాసన, పాప్‌కార్న్ వాసన. బల్లల మీద వరసగా తుపాకులు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ టార్చి వేసుకుని ఒక్కో బ్యారెల్ మీదికీ వంగుతున్నాను. నేను వెతికే కంపెనీ వాళ్ళు బ్యారెల్ పక్కన చిన్న అక్షరాలు కొట్టేవారు. ఒకటి నెల, ఒకటి సంవత్సరం. నా దగ్గర ఏ అక్షరం దేనికో చెప్పే పట్టిక ఉంది, మా ఆయన దగ్గర కాఫీ ఉంది.

మూడో వరసలో ఒక ముసలాయన, పక్కన అల్లిక పెట్టుకుని ఆయన భార్య. "ఏ ఇయర్ కావాలి మ్యామ్?" అన్నాడాయన. నా నోరు అలవాటుగా డెబ్బై నాలుగు అంది. ఆయన ఒక పాయింట్ టూటూ తీసిచ్చాడు. అక్షరాలు చూశాను, సరిగ్గా డెబ్బై నాలుగు. మా ఆయన కాఫీ ఒలకబోసుకున్నారు. "దొరికింది! ఇంకేం, తీసేసుకో! రెండేళ్ళ తపస్సు!"

అదే క్షణంలో ఆ పెద్దావిడ బల్ల కింది నుంచి ఇంకోటి తీసి, ఇది కూడా అప్పటిదే అంటూ నా ముందు పెట్టింది. చెక్క మీద ఎవరిదో బొటనవేలు అరగదీసిన నున్నటి చోటు. టార్చి వేశాను. పట్టిక చూశాను. మళ్ళీ చూశాను. మార్చి, డెబ్బై మూడు. నా ఏడాదే కాదు, నా నెల! భుజానికి ఆనించుకుంటే, క్యాంపులో నేల మీది దుమ్ము ముక్కుకి తగిలినట్టైంది. అమ్మ బైబిల్లో పేరు రాసిన నెలలోనే, ఈ దేశంలో ఎవరో దీనికి అక్షరాలు కొట్టారు. సంతోషంతో గట్టిగా అరవబోయి ఆపుకున్నాను.

మా ఆయన తొంగి చూశారు. "సెవెంటీ త్రీనా? అది నా ఇయర్ కదా." ఆయన ముఖం మెత్తబడింది. "నాకోసం చూస్తున్నావా?"

ఎంత సులువైన దారి! అవునంటే చాలు. నా రైఫిల్ నాతో ఇంటికొస్తుంది, గుట్టు గుట్టుగానే ఉంటుంది. ఆయన సంతోషిస్తారు కూడా. అవును అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ చేతిలో ఉన్నది, ఈ ప్రపంచంలో నా అసలు తేదీ తెలిసిన రెండో వస్తువు. మొదటిది మా అమ్మ బైబిలు. దీన్ని కూడా ఆయన పేరు మీద దాచెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

"మీరు అక్టోబరు. ఇది మార్చి" అన్నాను.

"అయితే?"

"నేను మార్చి. డెబ్బై మూడు. సర్టిఫికెట్ నాన్న మార్పించారు. అమ్మ చెప్పొద్దంది."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. మార్చి నుంచి అక్టోబరు దాకా ఏడు వేళ్ళు. ఖాళీ కప్పు పట్టుకుని వరస చివరికి వెళ్ళిపోయారు. పెద్దావిడ అల్లిక ఆపింది. "ఆల్ ఓకే, హనీ?" అంది. తెలియదన్నాను.

డెబ్బై నాలుగుది తిరిగి ఇచ్చేసి, మార్చిది కావాలన్నాను. ముసలాయన ఫారం ఇచ్చాడు. పుట్టిన తేదీ గడిలో డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్నట్టే జూన్ ఒకటి, డెబ్బై నాలుగు అని రాశాను. నా నిజాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి కూడా ఆ తేదీయే కావాల్సి వచ్చింది. రాస్తుంటే భుజం వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. ఆయనే. ఫారం చదివారు. నా వివరాల చెకింగ్ అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. రైఫిల్ పెట్టె అందుకుని ఆయనే మోశారు.

పార్కింగ్‌లో పెట్టెను కారు వెనక పెట్టి, నాకు ముందు తలుపు తీసి పట్టుకున్నారు. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ తియ్యలేదు.

"ఎక్కండి" అన్నారు.

"ఏంటా మర్యాద?"

"పెద్దవాళ్ళు కదా." పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నారు. ఆపుకోలేకపోయారు. "ప్రతి జూన్‌కీ కేకు తినిపిస్తే, నోరెత్తకుండా తిన్నావే! మార్చిలో నీకు ఒక్క కేకైనా లేకపోయె."

అంతే, నాకు ఏడుపొచ్చింది. ఎవరో మాట అంటారని ఇన్నేళ్ళు భయపడ్డాను. ఈయన చూస్తే నేను తినని కేకుల లెక్క వేస్తున్నారు. కొంగు లేదు, కోటు చేత్తోనే ముక్కు తుడుచుకుని, చెయ్యి చాపాను.

"తాళాలు ఇటివ్వు. నేను డ్రైవ్ చేస్తాను."

పెళ్ళయ్యాక ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత తాళాలు నా చేతిలో పెట్టి, అవతలి సీట్లో కూర్చున్నారు.