సైలస్ ముక్కు, నెస్టా దూలాలు

వస్తువుల్ని అందరూ కళ్ళతో చూస్తారు. ఇంగ్లండులో హియర్‌ఫర్డ్ వైపు పాత ఇళ్ళకు వడ్రంగం చేసే సైలస్ ప్రోబర్ట్ మాత్రం ముక్కుతో చూస్తాడు. టీ ఇస్తే ముందు వాసన. ఉత్తరం వస్తే విప్పకముందే వాసన. కొత్త పాస్టరుగారు చెయ్యి కలిపితే, ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంట్లో ఉల్లిపాయలు తమరే తరుగుతారా అయ్యగారూ?" అన్నాడు. అయినా చెక్కపని దగ్గర ఆ ముక్కును మించిన పనిముట్టు చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు.

నెస్టా అతన్ని పిలిచింది తన పాత ఇంటి ఓక్ దూలాల కోసం. మూడు వందల ఏళ్ళ దూలాలకు వెనకటి వాళ్ళెవరో పట్టించిన నల్లరంగును సైలస్ ఒక్క గాటు పడకుండా ఒలిచేశాడు. ఇక వాటికి ఏం పూయాలన్నదే మిగిలింది. ఊపిరితిత్తుల జబ్బుతో రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉన్న ఆమె భర్త హ్యూ శనివారం ఇంటికి వస్తున్నాడు. మెట్లెక్కలేడు కనుక మంచం కింది గదిలోనే, సరిగ్గా ఆ దూలాల కిందే వేశారు.

"వార్నిష్ కొట్టెయ్. ఆయన కళ్ళు తెరిస్తే అద్దంలా మెరవాలి," అంది నెస్టా.

సైలస్ వార్నిష్ పూసిన చెక్కముక్క తెచ్చి, వాసన చూసి, మొహం చిట్లించాడు. "వద్దు తల్లీ. కొత్త బూట్లేసుకున్న బ్యాంకు మేనేజర్ వాసన."

మర్నాడు అవిసె నూనె. "తడిసిన గొర్రె."

ఆ మర్నాడు టర్పెంటైన్ కలిపిన మైనం. "మా మేనత్త బీరువా. లోపల ఆవిడ కూడా ఉన్నట్టుంది."

పైగా వచ్చినప్పుడల్లా చెల్లెలు ఈడిత్‌ను వెంటబెట్టుకొచ్చేవాడు. ఆవిడ ఉబ్బసం మనిషి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చెక్కముక్క పక్కన పెట్టి, తను గుమ్మంలో నిలబడేవాడు. ఈడిత్ స్వెటర్ అల్లుతూ దగ్గేది, నెస్టా చేసిన కేకు తినేది, మళ్ళీ దగ్గేది.

"మీ అన్నయ్య దూలాల కోసం వస్తున్నాడా, నిన్ను నా నెత్తిన దింపడానికా?"

"నాకేం తెలుసు వదినా! కేకుందన్నాడు, వచ్చాను."

బుధవారానికి నెస్టా ఓపిక కాస్తా అయిపోయింది. "మూడు రోజుల్లో నా మొగుడొస్తున్నాడు సైలస్! ఏం కావాలో ఆ దూలాన్నే అడుగుతావా?"

"అడిగాను. ఆలోచించుకుంటోంది."

దాంతో ఆమె అతని బుట్ట ఎత్తి నేలమీద బోర్లించింది. చెక్కముక్కలన్నీ తిరగబడ్డాయి. వాటి వెనక పెన్సిలు రాతలున్నాయి. "వార్నిష్: ఈడిత్ ఏడు దగ్గులు." "అవిసె నూనె: నాలుగు." "టర్పెంటైన్ మైనం: అయిదు, కళ్ళవెంట నీళ్ళు." "ఒట్టి తేనెమైనం: నిద్రపోయింది."

నెస్టా కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. "హ్యూ ఊపిరి కోసమని ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నీకు భయమేసేది. నన్ను తిట్టుకుంటుంటే భయం గుర్తురాదు."

"ఆ ఏడు దగ్గుల్లో రెండు కేకు పొడివి," అంది ఈడిత్ నిజాయితీగా.

ఏదీ కలపని మైనం రాయిలా ఉంటుంది. అరచేతి వేడికి మెత్తబడాలి, గుడ్డతో రుద్దాలి. సైలస్ నిచ్చెనెక్కి రెండు రోజులు రుద్దాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. కింద నిచ్చెన పట్టుకున్న నెస్టా ఒక్కసారి కూడా అద్దం మాట ఎత్తలేదు.

శనివారం హ్యూ మంచం మీద వాలి, తేనెరంగు దూలాల వంక చూస్తూ గట్టిగా ఊపిరి పీల్చాడు. దగ్గు రాలేదు. "ఏం పూశారే? ఏ వాసనా లేదు," అని హాయిగా నిద్రపోయాడు.

"రెండు రోజులు రుద్దితే ఏ వాసనా లేదంటాడా!" అన్నాడు సైలస్, ముక్కు ఎగబీలుస్తూ.

నెస్టా అప్పుడే పొయ్యిలోంచి తీసిన కేకు అతని ముందు పెట్టింది. "ఊఁ, చూడు వాసన."

"ఇవాళ ముక్కు పనిచెయ్యడం లేదు తల్లీ. జలుబు," అని సైలస్ గోడవైపు తిరిగాడు.